రోగమూలాన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలోని భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. చదువు రాజమహేంద్రవరంలో మొదలైనా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్య కళాశాలలో చేరిన పిదప గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి, శస్త్రచికిత్స బోధించే ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.యస్.కు బదులు ఎల్.ఎం.యస్. పట్టం మాత్రమే దక్కింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట తగిలింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధితో మరణించాడు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి కృశించిపోయే రోగమది. సుబ్బారావునూ ఆ వ్యాధి పట్టుకొంది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బయటపడ్డారు. మందు పనిచేసింది సరే, అందులో పనిచేసిన పదార్థమేది? ఈ ప్రశ్న ఆయనను విడువలేదు.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి తోడ్పాటుతో 1923లో ఆయన బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. హార్వర్డులో చదువుకొంటూ, పొట్ట గడవటానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మూత్రపాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. వైద్యపట్టం ఉన్న మనిషి ఆ పనికి సిగ్గుపడలేదు.

ఆ ఆసుపత్రి ప్రధాన శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్. ముఖం గుండ్రంగా ఉబ్బి, కండరాలు నీరసించే ఒక వ్యాధికి పిట్యూటరీ గ్రంథిలోని చిన్న కణితి మూలమని 1932లో ఆయన వివరించారు. అయితే అన్ని సందర్భాలలోనూ దోషం ఆ గ్రంథిదే కాదు; ఊపిరితిత్తులలోని కణితి కూడా అదే హార్మోనును స్రవించవచ్చు. అందుచేత తరువాతి తరం వైద్యులు మెదడు అడుగునుండి వచ్చే సిరల రక్తాన్నీ, చేతి సిర రక్తాన్నీ తీసి, హార్మోను ఎక్కడ అధికంగా ఉందో పోల్చి, మూలాన్ని పట్టుకొనే పద్ధతిని రూపొందించారు. ఇలాంటి అన్వేషణకు ఆధారం ఒక్కటే: శరీరంలోని స్వల్ప పదార్థాన్ని కచ్చితంగా కొలవగలగటం.

సుబ్బారావు తొలి విజయం అటువంటి కొలతలోనే. ఆచార్య సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన రక్తమూత్రాలలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి లెక్కకట్టే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలతే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో బయటపెట్టింది. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రమిస్తే తిరిగి చేరుతుంది. 1929లో ఏ.టి.పి. సంగతి వెల్లడించారు. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు.

1940లో ఆయన లెడర్లీ సంస్థకు వెళ్లారు. పాండురోగాన్ని మాన్పే పదార్థాన్ని కాలేయంలో వెదకుతూ, అనుకొన్నది గాక ఫోలిక్ ఆమ్లాన్ని చేజిక్కించుకొన్నారు. 1945లో ఆయన బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది. పురుషోత్తాన్ని బలిగొన్న స్ప్రూకు అది మందయింది! కణాలు పెరగటానికి ఫోలిక్ ఆమ్లం కావాలి గనుక, దానిని పోలి దానికే అడ్డుపడే అమినోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే రూపొందించింది. ఆ మందుతో 1948లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగారు.

సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశానికి తిరిగి రానూ లేదు. శేషగిరి నిరీక్షణ అలాగే ముగిసింది.

బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆయన బృందం కృషే. 2004లో దేశమంతటా సామూహిక మందుల పంపిణీ ఆరంభమైనప్పుడు గోదావరి జిల్లాల ఇంటింటికీ చేరిన డి.ఇ.సి. మాత్రలు ఆ హెట్రజానే.