ఎడమ చేతిని దాచుకున్న చక్రవర్తి

1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగులబెట్టింది. ఆ నౌకను ఏలిన చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్. కైజర్ అనే బిరుదుతో లోకమంతా ఎరిగిన ఆ ప్రభువు ఎడమ చేయి పుట్టుకనాడే చచ్చుబడిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

విల్‌హెల్మ్ 1859 జనవరి 27న బెర్లిన్ నగరంలో జన్మించాడు. తల్లి ఇంగ్లండు విక్టోరియా రాణి పెద్ద కుమార్తె. అప్పటికి ఆమె వయస్సు 18 ఏళ్లే. అది ఎదురుకాళ్ల కాన్పు. బిడ్డను బయటకు లాగే తొందరలో మెడ నుండి చేతికి వెళ్లే నరాలు సాగి తెగిపోయాయి. పుట్టిన శిశువు ఏడవలేదు. చరిచి చరిచి ఊపిరి పోయించారు. ఎడమ చేయి కదలడం లేదని కొన్ని రోజుల తరువాతగాని గుర్తించలేదు.

ఆ పిమ్మట మొదలైనవి చికిత్సల పేరిట చిత్రహింసలే. అప్పుడే చంపిన కుందేలు దేహంలో చేతిని ఉంచారు. విద్యుత్తు ప్రసరింపజేశారు. ఎడమ చేతిని వాడక తప్పదని కుడి చేతిని దేహానికి కట్టివేశారు. మెడ వంకర తిరిగితే యంత్రంతో సాగదీశారు, కండరాన్ని కోశారు. గుర్రపుస్వారీలో పదేపదే పడిపోతున్నా గురువు హింజ్‌పీటర్ కనికరించక మళ్లీ మళ్లీ ఎక్కించాడు. బాలుడు స్వారీ నేర్చాడు గాని చేయి బాగుపడలేదు. పెద్దయ్యాక అది కుడి చేతికంటె సుమారు 15 సెంటీమీటర్లు పొట్టిగా మిగిలింది.

1888లో సింహాసనమెక్కిన విల్‌హెల్మ్, 1890లో బిస్మార్క్‌ను పదవి నుండి తొలగించాడు. ఛాయాచిత్రాలలో ఎడమ చేతిని కత్తిపిడిపై ఆనించి, లేదా దానిలో చేతితొడుగులు పట్టుకొని లోపాన్ని మరుగుపరిచేవాడు. ఆ చేతి లోపమే మహాయుద్ధానికి కారణమనడం సరికాదు. కాని దానిని దాచుకోవడానికి జీవితమంతా ప్రయాసపడ్డాడనడం సత్యం. 1918 నవంబరులో సింహాసనం కోల్పోయి హాలండు చేరి, అక్కడి డూర్న్ గ్రామంలో 1941 జూన్ 4న కన్నుమూశాడు.

ఈ వ్యాధిని ఫ్రాన్సులో డుషేన్ 1872లోను, జర్మనీలో ఎర్బ్ 1874లోను వివరించేనాటికి విల్‌హెల్మ్ శైశవం గడిచిపోయింది. 1893లో పారిస్ వైద్యుడు పెయాన్, క్షయతో పాడైన ఒక రోగి భుజపు కీలు స్థానంలో ప్లాటినం, గట్టి రబ్బరుతో చేసిన కృత్రిమ కీలును అమర్చాడు. భుజం కీలు మార్పిడికి అది తొలి అడుగు.

నేడు ఈ గాయంతో పుట్టిన శిశువులలో అధికులు తమంతట తామే కోలుకుంటున్నారు. మూడు నెలలకు కూడా మోచేయి మడవలేని శిశువును నిపుణునికి తప్పక చూపాలి. అవసరమైతే నరాలకు శస్త్రచికిత్స చేస్తారు. కోలుకోనివారిలో కండరాల బలం సమంగా లేక భుజపు కీలు వంకరగా పెరుగుతుంది. నడివయస్సుకు అది అరిగి నొప్పి పెడుతుంది. అట్టివారికి కీలు మార్పిడి నొప్పిని తగ్గించగలదు. అయితే కీలు గుంట వంకరపోయి ఉన్నందున ఈ శస్త్రచికిత్స కష్టతరమైనది. చచ్చిన నరాన్ని అది బ్రతికించదు. చేయి ఎంతవరకు లేస్తుందన్నది మిగిలిన కండరాల బలాన్ని బట్టి ఉంటుంది.

చక్రవర్తి కుమారునికి దొరకని వైద్యం నేడు సామాన్యుని బిడ్డకు అందుబాటులోకి వచ్చింది. తల్లిదండ్రులు చేయవలసిందల్లా బిడ్డ చేతిని సిగ్గుతో కప్పకుండా, సకాలంలో వైద్యునికి చూపడమే.