చిన్న పనులలో పెద్ద భక్తి: పునీత చిన్న తెరేజమ్మ

మహత్కార్యాలు సాధించినవారే మహనీయులని లోకం సాధారణంగా భావిస్తుంది. దేశాలు తిరగక, సంస్థలు స్థాపించక, నాలుగు గోడల నడుమ బట్టలుతుకుతూ, భోజనశాల ఊడుస్తూ, ఇరువది నాలుగేండ్లకే కన్నుమూసిన ఒక యువతి లోకమంతటికీ పూజనీయురాలు కావడం ఆలోచింపదగిన విషయం. ఆమెయే లిసియూ నగరపు పునీత తెరేజమ్మ. మన కథోలిక కుటుంబాలు ఆమెను చిన్న తెరేజమ్మ అని ప్రేమతో పిలుచుకుంటాయి.

ఆమె 1873 జనవరి 2వ తేదీన ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో జన్మించారు. తండ్రి లూయీ మార్తిన్ గడియారాల పనివారు. తల్లి జేలీ లేసు అల్లించి అమ్మే వ్యాపారం నడిపేవారు. తొమ్మండుగురు సంతానంలో నలుగురు బాల్యంలోనే మరణించగా ఐదుగురు ఆడపిల్లలు మిగిలారు. వారిలో తెరేజమ్మ కడగొట్టు బిడ్డ. ఆ దంపతులు వేకువనే దివ్యపూజకు వెళ్లి వచ్చి పనికి కూర్చునేవారు. బేరం పోయినా సరే, ఆదివారం నాడు అంగడి తెరిచేవారు కారు. ఆ ఇంట భక్తి వేరు, బ్రతుకు వేరు కాదు.

నాలుగేండ్ల ప్రాయంలో, 1877లో, తల్లి రొమ్ము క్యాన్సరుతో మరణించారు. కుటుంబం లిసియూ నగరానికి తరలింది. తల్లిగా భావించుకున్న అక్క పోలీన్ 1882లో కర్మెల్ మఠంలో చేరిపోవడంతో ఆ పసిహృదయం మరల గాయపడింది. మరుసటి ఏడు బాలిక తీవ్రంగా జబ్బుపడింది. బడిలో చదువు బాగా వచ్చినా సుఖం లేదు. తనకన్న పెద్దదైన ఒక సహాధ్యాయిని అసూయతో వేధించేది. తెరేజమ్మ ఎదురాడలేక మౌనంగా ఏడ్చేది. ప్రతి చిన్న మాటకూ కన్నీరు పెట్టుకోవడం, ఏడ్చినందుకు మళ్లీ ఏడవడం ఆమెకు అలవాటయింది.

1886 క్రిస్మసు రాత్రి ఈ స్థితి మారింది. పిల్లల పాదరక్షలలో కానుకలు ఉంచడం ఆ ఇంటి ఆచారం. అర్ధరాత్రి పూజ నుండి అలసి వచ్చిన తండ్రి, ఈ ముచ్చట ఇదే చివరి ఏడు కావడం మేలని విసుగుతో అనడం మెట్లమీద ఉన్న తెరేజమ్మ చెవిన పడింది. ఆమె కన్నీరు దిగమ్రింగి, నవ్వుముఖంతో క్రిందికి వచ్చి కానుకలు విప్పి తండ్రిని సంతోషపెట్టారు. ఇది ఇతరులకు కనబడనంత చిన్న విజయం. తన జీవితం అక్కడే మలుపు తిరిగిందని ఆమె తరువాత వ్రాసుకున్నారు.

వయస్సు చాలదని పెద్దలు వారించినా పట్టు విడువక, 1887లో రోము నగరంలో పదమూడవ లియో పోపుగారికే విన్నవించుకొని, 1888 ఏప్రిల్ 9న పదిహేనవ ఏట కర్మెల్ మఠంలో ప్రవేశించారు. అక్కడ అందరూ దేవతామూర్తులు కారు. చాకిరేవులో ఎదుటి సోదరి మురికినీరు ముఖాన చిందిస్తే ఆమె ప్రక్కకు తొలగలేదు. సణిగే ఒక వృద్ధ సోదరిని ప్రతి సాయంత్రం చేయిపట్టి భోజనశాలకు నడిపించి, రొట్టె కోసి ఇచ్చేవారు. తనకు సహజంగా సరిపడని మరొక సోదరిని ప్రత్యేక శ్రద్ధతో, చిరునవ్వుతో పలకరించేవారు. తనయందు ఆమెకు అమితమైన ఇష్టమని ఆ సోదరి నమ్మింది. ప్రార్థనలో తాను నిద్రపోయినా ఆమె నిరాశ చెందలేదు. తల్లిదండ్రులకు నిద్రించే బిడ్డపైనా ప్రేమ తగ్గదు కదా అని ధైర్యం తెచ్చుకునేవారు.

కష్టాలు తేలికైనవి కావు. ప్రియమైన తండ్రి మతి చెడి 1889లో కాన్ నగరపు మానసిక చికిత్సాలయంలో చేరి మూడేండ్లు ఉన్నారు. 1896లో గుడ్ ఫ్రైడేకు ముందటి రాత్రి క్షయవ్యాధి తొలిసారి రక్తరూపంలో బయటపడింది. ఆ ఈస్టరు దినాలలోనే అంతకన్న ఘోరమైన పరీక్ష మొదలైంది. మోక్షమనేది ఉన్నదా అన్న అనుమానం చీకటివలె మనసును కమ్మింది. మరణం వరకు ఆ చీకటి పూర్తిగా తొలగలేదు. అయినా విశ్వాస ప్రమాణాన్ని తన రక్తంతో వ్రాసుకొని, శక్తి ఉన్నంతవరకు పనులు చేస్తూ, చిన్న సోదరీమణులకు శిక్షణ ఇస్తూ గడిపారు. విశ్వాసమంటే మనసుకు కలిగే హాయి మాత్రమే కాదనీ, హాయి లేనినాడు కూడ విడువని విధేయత అనీ ఆమె ఆచరించి చూపారు.

1897 సెప్టెంబరు 30న ఆమె మరణించారు. అక్క ఆజ్ఞపై మొదలుపెట్టి వ్రాసిన ఆత్మకథ సరిగా ఏడాదికి రెండువేల ప్రతులతో వెలువడి, అనతికాలంలోనే అనేక భాషలలోకి ప్రవేశించింది. 1925లో పదకొండవ భక్తినాథ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. మఠం గడప దాటి ఏ దేశానికీ వేదప్రచారానికి వెళ్లని ఆమెను 1927లో ఫ్రాన్సిస్ జేవియరుతో పాటు వేదప్రచార పాలకురాలిగా నియమించారు. 1997లో రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రీసభ పండితురాలి బిరుదునిచ్చారు. ఆ గౌరవం పొందిన స్త్రీలలో ఆమె మూడవవారు. తల్లిదండ్రులు సైతం 2015లో పునీతులైనారు.

వంటింట తల్లి, తరగతిలో ఉపాధ్యాయిని, కార్యాలయంలో గుమాస్తా, మంచాన పడిన రోగి, వీరెవ్వరికీ తెరేజమ్మ బాట అందరానిది కాదు. చేతిలోని పనిని ప్రేమతో చేయడం, సరిపడనివారితో ఒక మంచిమాట పలకడం, విసుగు వచ్చినప్పుడు నోరు అదుపులో ఉంచుకోవడం, ఇవి ఏ ఇంటనైనా ఈ పూటనే ఆరంభించదగిన సాధనలు.