జెండా గీసిన పత్తి వెంకయ్య

పింగళి వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. కంబోడియా పత్తి మీద చేసిన పరిశోధన వల్ల జనం ఆయన్ని పత్తి వెంకయ్య అన్నారు. కోవిల్‌పట్టి నల్లరేగడి పత్తి, విరుదునగర్ పత్తి వ్యాపారం చూస్తూ పెరిగిన మాకు ఆ పేరు వింటేనే మనవాడనిపిస్తుంది.

దేశానికి ఒక జెండా ఉండాలని ఆయన పట్టు. 1916లోనే 30 నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా గీసి గాంధీ గారికిచ్చారు. నడుమ మన రాట్నం. తెలుపు గాంధీ గారి సలహాతో చేరింది. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాట్నం బదులు అశోక చక్రం వచ్చింది.

జెండా ఎగిరింది గానీ గీసినాయన పేదరికంలోనే 1963 జూలై 4న కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ల 2009లో గానీ రాలేదు.

అంచుకీ, బుటాకీ నమూనా గీసేవాళ్లు మన సంఘాలకీ ఒక్కోసారి ఊరికే గీసిస్తారు. మగ్గం ఆగకూడదని వాళ్ల తాపత్రయం. ఊరికే వచ్చిందని పేరు మరిచిపోకూడదు. గీసినవారి పేరు సంఘం పుస్తకంలో రాద్దాం. చీర బాగా అమ్ముడైతే వారి కూలి వారి చేతిలో పెడదాం.