బందరు మాస్టారు, ఆయన రెండో ప్లేయర్

పోయిన వేసవి సెలవుల్లో గుడివాడలో మా ఇంటి వరండాలో నలుగురం కూర్చుని ఫోన్లలో గేమ్ ఆడుతున్నాం. ఒకడు బ్యాటరీ అయిపోయి అవుట్, ఇంకొకడు నెట్ పోయి అవుట్. మిగిలిన మా ఇద్దరి అరుపులకి తాతయ్య నిద్ర లేచి వచ్చారు. తిడతారేమో అనుకున్నాం. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక పక్క చదరంగం ఆడుతూ, ఇంకో పక్క అడిగినవాళ్ళందరికీ పద్యాలు చెబుతూ, మధ్యలో ఎవరో కొట్టే గంటలు కూడా లెక్కపెట్టేవాళ్ళు ఒకప్పుడు ఉండేవాళ్ళని చెప్పారు. అలాంటివాళ్ళలో పెద్ద పేరున్న ఒకాయన మన బందరు స్కూల్లోనే తెలుగు మాస్టారుగా పనిచేశారట. మేం నమ్మలేదు. ఒకేసారి మూడు యాప్‌లు తెరిస్తేనే మా ఫోన్లు వేడెక్కిపోతాయి మరి.

ఆ మాస్టారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు. తిరుపతి వేంకట కవుల్లో వేంకట అంటే ఆయనే. నిజం చెప్పాలంటే పదో తరగతి దాకా తిరుపతి వేంకట కవులంటే ఒకే మనిషి పేరు అనుకున్నాను. ఇంగ్లీష్ మీడియం పిల్లాడిని, క్షమించండి. అది ఇద్దరు ఫ్రెండ్స్ పెట్టుకున్న టీమ్ పేరు.

వేంకటశాస్త్రి గారు 1870లో గోదావరి జిల్లా కడియంలో పుట్టారు. చిన్నతనం యానాంలో గడిచింది. అప్పట్లో యానాం ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉండేది. సంస్కృత వ్యాకరణం మీద ఇష్టంతో కాశీ దాకా వెళ్ళి వచ్చారు. కానీ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది కాశీ కాదు, చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకున్న రోజులు. అక్కడే దివాకర్ల తిరుపతిశాస్త్రి పరిచయమయ్యారు. భీమవరం దగ్గర యండగండిలో 1872లో పుట్టిన మనిషి, అంటే ఈయనకంటే రెండేళ్ళు చిన్న.

వాళ్ళ స్నేహం ఎక్కడ కుదిరిందో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వినాయక చవితి చందాల దగ్గర! అవును, మనం ప్రతి ఏడూ రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతామే, అదే పని. తిరుపతిశాస్త్రి వాదనలో దిట్ట, ఎవరితోనైనా శాస్త్రచర్చకి దిగిపోయే రకం. వేంకటశాస్త్రికి లోకం తెలుసు. ఎవరితో ఎలా మాట్లాడాలో, సభని ఎప్పుడు నవ్వించాలో తెలుసు. ఏ గేమ్‌లోనైనా మంచి టీమ్ అంటే ఇదే కదా. ఇద్దరూ ఒకే పని చేసే టీమ్ ఎక్కువ దూరం వెళ్ళదు.

ఇద్దరూ కలిసి కాకినాడలో శతావధానం చేశారు. అక్కడి నుంచి ఇక ఆగలేదు.

అవధానం గురించి మనలో చాలామందికి స్కూల్లో ఒక పేరాగ్రాఫ్ తప్ప ఏమీ తెలియదు, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. దాన్ని ఒక ఆటగా చూస్తేనే నాకు అర్థమైంది. అష్టావధానంలో చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు. వాళ్ళని పృచ్ఛకులు అంటారు. అందరి పనీ ఒకటే, మధ్యలో ఉన్న మనిషిని ఓడించడం. ఒకరు ఒక విషయం ఇచ్చి దానిమీద పద్యం చెప్పమంటారు. ఒకరు అర్థంపర్థం లేనట్టుండే పద్యపాదం ఇచ్చి, మిగతాది పూరించి దానికి అర్థం తెప్పించమంటారు. ఒకరు వ్యస్తాక్షరి ఆడతారు. అంటే ఒక వాక్యంలోని అక్షరాల్ని వరస తప్పించి, పదమూడో అక్షరం ఇది, నాలుగో అక్షరం అది అంటూ ఎప్పుడు పడితే అప్పుడు చెబుతారు. చివర్లో అవధాని వాక్యమంతా అప్పజెప్పాలి. మన భాషలో చెప్పాలంటే అర్రేలో ఇండెక్స్ ఇచ్చి విలువలు నింపడం, కాకపోతే అర్రే ఉన్నది బుర్రలో. ఒకరు గంట కొడుతూ ఉంటారు, మొత్తం ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. ఇంకొకరు పద్యాలతో సంబంధం లేని కబుర్లు వేసి దృష్టి మళ్ళిస్తారు. గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చెత్త మాట్లాడి చెడగొట్టే ఫ్రెండ్ ఉంటాడే, వాడికి అక్కడ అధికారికంగా ఒక కుర్చీ ఉందన్నమాట.

ఆ రోజుల్లో ఈ ఎనిమిదింటిలో చదరంగం కూడా ఒకటిగా ఉండేది. ఒకాయన బల్ల పరిచి, బంట్లు, గుర్రాలు, శకట్లు పేర్చుకుని కూర్చుంటాడు. ఆయన ఎత్తు వేసి ఎదురుచూస్తాడు. అవధాని ఇక్కడ పద్యంలో ఒక పాదం చెప్పి, అక్కడ గుర్రాన్ని జరిపి, మళ్ళీ ఇంకొకరి ప్రశ్నకి తిరగాలి. ఇప్పటి అవధానాల్లో చదరంగం దాదాపుగా కనిపించడం లేదు. నాకైతే అది పెద్ద నష్టమే అనిపిస్తుంది. కోనేరు హంపి పుట్టిన ఊరివాళ్ళం, ఆమాత్రం బాధ ఉండదా!

ఇక శతావధానం అంటే ఎనిమిది మంది కాదు, వంద మంది. మొదటి రౌండులో ఒక్కొక్కరి ప్రశ్నకీ పద్యంలో మొదటి పాదం మాత్రమే చెబుతారు. వంద మందీ అయ్యాక రెండో రౌండు, అప్పుడు రెండో పాదాలు. అలా నాలుగు రౌండ్లు. అంటే ఆట నడుస్తున్నంతసేపూ వంద సగం సగం పద్యాలు, వేరువేరు ఛందస్సుల్లో, తలలో తెరిచే ఉంటాయి. అన్నీ అయ్యాక ధారణ. మొదటి నుంచి చివరి దాకా వంద పద్యాలూ కాగితం ముట్టకుండా తిరిగి చెప్పాలి. సేవ్ బటన్ లేదు, రీస్టార్ట్ లేదు. ఒక్క పద్యం మర్చిపోయినా సభంతా చూస్తూ ఉంటుంది.

ఈ ఆటని వాళ్ళు ఇద్దరుగా ఆడారు. ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని ఇంకొకరు అందుకునేవారు. నాకు ఇక్కడే అసలు ఆశ్చర్యం. ఒంటరిగా గుర్తుపెట్టుకోవడం జ్ఞాపకశక్తి. పక్కవాడు ఏ మాట దగ్గర ఆపుతాడో, ఏ ప్రాసతో వస్తాడో ముందే ఊహించి సిద్ధంగా ఉండటం జ్ఞాపకశక్తి ఒక్కదానితో అయ్యే పని కాదు. ఎన్ని వందల గంటలు కలిసి ఆడితే వస్తుంది అది?

గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి, పిఠాపురం, విజయనగరం... సంస్థానాలన్నీ తిరిగారు. మద్రాసులో అడయారు వెళితే అనీబిసెంట్ మెచ్చుకున్నారు. రాజుల దగ్గర సన్మానాలు సరే, నాకు ముఖ్యం అనిపించింది వేరే. ఊళ్ళలో మామూలు జనం కూడా మ్యాచ్ చూడటానికి వచ్చినట్టు వీళ్ళ సభలకి వచ్చేవారు. పద్యం పండితుల గదిలోంచి బయటికి వచ్చి ఊరి మధ్యలో కూర్చుంది.

పొగరు కూడా తక్కువేం కాదు. బ్రాహ్మణ పండితులు మీసాలు పెంచడం అప్పట్లో తప్పు. ఇద్దరూ పెంచారు. ఎందుకని ఎవరో అడిగితే దానికీ పద్యంతోనే జవాబు. సంస్కృతంలో, తెలుగులో కవులు మేమే అని తెలియడానికే మీసాలు పెంచామనీ, తమని గెలిచినవాడు దొరికితే వాటిని తీసేసి అతనికి మొక్కుతామనీ ఆ పద్యం సారాంశం. ఇంతకంటే పెద్ద ఓపెన్ ఛాలెంజ్ నేనెక్కడా చూడలేదు.

ఛాలెంజ్ చేస్తే తీసుకునేవాళ్ళు వస్తారు. కొప్పరపు సోదర కవులు వచ్చారు. ఆశువుగా పద్యాలు చెప్పే వేగంలో వాళ్ళకి సాటి లేదని పేరు. ఇక రెండు వైపులా అభిమానులు, సభలు, పద్యాల్లో తిట్లు. ఇది నాకు నచ్చని భాగం, దాచను. పద్యం ఎంత బాగున్నా తిట్టు తిట్టే. మ్యాచ్ అయిపోయాక కూడా చాట్‌లో కొట్టుకునేవాళ్ళని చూస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. అయితే ఆ వేడి వల్లే జనం ఇంకా ఎక్కువ వచ్చారన్నది కూడా నిజమే అయి ఉంటుంది.

తర్వాత బతుకుతెరువు ఇద్దర్నీ చెరో ఊరికి పంపింది. పోలవరం జమీందారు ప్రాపకంలో సరస్వతి అనే పత్రిక బాధ్యత తీసుకుని తిరుపతిశాస్త్రి కాకినాడలో ఉన్నారు. వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేరారు. గుడివాడ జంక్షన్‌లో నిలబడితే ఒక లైను బందరుకి పోతుంది, ఇంకో లైను భీమవరం వైపు, అంటే తిరుపతిశాస్త్రి పుట్టిన వైపు పోతుంది. కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆ ప్లాట్‌ఫాం మీద నాకు ఈ విషయం గుర్తొస్తూ ఉంటుంది.

బందరు క్లాసులో ఆయన దగ్గర కూర్చున్న పిల్లల్లో మన నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు కూడా ఆయన శిష్యులే. ఈ చివరి ఇద్దరూ పింగళి కాటూరి కవులుగా మళ్ళీ జంట కట్టారు. గురువుని చూసి పద్యం మాత్రమే కాదు, ఇద్దరు కలిసి ఆడటం కూడా నేర్చుకున్నారన్నమాట.

దూరం వచ్చినా ఒప్పందం మారలేదు. ఎవరు ఏది రాసినా అట్ట మీద ఇద్దరి పేర్లు. వాళ్ళ పేరుతో వచ్చిన పాండవోద్యోగ విజయాల నాటకాలు మన డెల్టాలో ఆడని ఊరు ఉందా? మా తాతయ్య చదివింది అంతంత మాత్రమే. అయినా కృష్ణరాయబారం పద్యాలు రాగం తీసి పాడతారు. హార్మోనియం, వన్స్‌మోర్లు, తెల్లారేదాకా నాటకం. ఆలోచిస్తే ఆ రాయబారం, ఆ యుద్ధం మొత్తానికి మూలం ఒక బోర్డ్ గేమ్. ధర్మరాజు ఓడిపోతున్నా లేచి వెళ్ళలేకపోయాడు. ఇంకొక్క మ్యాచ్ అనే జబ్బు మనతో మొదలైంది కాదు.

1920 నవంబరులో తిరుపతిశాస్త్రి చనిపోయారు. మధుమేహం. ఇంకా 50 ఏళ్ళు కూడా నిండలేదు.

సుమారు 30 ఏళ్ళు కలిసి ఆడిన మనిషి లేడు. వేంకటశాస్త్రి తర్వాత ఇంకో 30 ఏళ్ళు బతికారు. ఆయనకి అప్పటికే సొంతంగా పెద్ద పేరుంది, శిష్యులున్నారు. ఇకనుంచి నా పేరే వేసుకుంటాను అంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆయన ఆ పని చేయలేదు. ఒక్కరే కూర్చుని రాసినవి కూడా తిరుపతి వేంకట కవుల పేరుతోనే అచ్చు వేయించారు. పేరులో తిరుపతిదే ముందు, వేంకటది తర్వాత. చిన్నవాడి పేరు ముందు. అది చివరిదాకా అలాగే ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంటర్‌లో నేనూ మా ఫ్రెండ్ ఒకడూ ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి ఒక ఐడీ చేసుకున్నాం. రెండేళ్ళు దాంతోనే ఆడాం. వాడికి వేరే రాష్ట్రంలో సీటు వచ్చింది, కొత్త ఫ్రెండ్స్ వచ్చారు, ఆడటం మానేశాడు. ఎందుకు మానేశావని అడిగి నేనే గొడవ పెట్టుకున్నాను. ఆ కోపంలో ఐడీ పేరు మార్చేద్దామని సెట్టింగ్స్ దాకా వెళ్ళాను. అదే వారంలో ఈ వ్యాసం కోసం వేంకటశాస్త్రి గారి గురించి చదవడం మొదలుపెట్టాను. మార్చలేదు.

ఆయన చివరి రోజుల్లో పద్యం కంటే వచనం ఎక్కువ చదివించేలా రాశారని నా అభిప్రాయం. కథలు గాథలు అని పెద్ద పుస్తకం. ఒక విషయం మొదలుపెట్టి, దాంట్లోంచి ఇంకో విషయంలోకి, అక్కడినుంచి పాత గొడవలోకి, మళ్ళీ వెనక్కి. వరండాలో కూర్చుని పెద్దాయన కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. భాష నాకు కష్టమే, పేజీకి పది నిమిషాలు పట్టింది. కానీ ఆ కబుర్లలో తిరుపతిశాస్త్రి మాటిమాటికీ వస్తూనే ఉంటారు. పోయిన మనిషిలా కాదు, ఇప్పుడే పక్క గదిలోకి వెళ్ళినవాడిలా.

1949లో మద్రాసు ప్రభుత్వం వేంకటశాస్త్రి గారిని ఆస్థాన కవిగా గౌరవించింది. అప్పటికి ఆయనకి 80 దగ్గర పడ్డాయి. 1950లో శివరాత్రి రోజున పోయారు.

మా వాడు సంక్రాంతికి వస్తున్నాడట, నిన్న మెసేజ్ పెట్టాడు. తాతయ్య చదరంగం బల్ల అటక మీద నుంచి దింపించారు. ఒక శకటు, రెండు బంట్లు తక్కువ ఉన్నాయి, వాటి బదులు కారమ్స్ కాయిన్స్ పెడతాం.