బువ్వ పెట్టిన డొక్కా సీతమ్మ

మన వెంకటాచలం మండలంలో సర్కారు బడికి పోయే కూలోళ్ల బిడ్డలు మధ్యాహ్నం తినే బువ్వకు 2024 నుంచి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని పేరు. ఈ సీతమ్మ ఎవురన్నా అని మొన్న ఒక అక్క అడిగింది. ఆమె ఆ బువ్వ వండే మనిషే. అందుకే ఈ నాలుగు ముక్కలు.

సీతమ్మ 1841లో గోదావరి సీమలో మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం. అడిగిన వాళ్లకు లేదనకుండా అన్నం పెట్టేవాడని ఊళ్లో ఆయన్ని బువ్వన్న అని పిలిచేవాళ్లు. తల్లి నరసమ్మ పిల్ల చిన్నగా ఉండగానే పోయింది, ఇంటి చాకిరీ ఆ పిల్ల మీద పడింది. లంకల గన్నవరం నుంచి వచ్చి వాళ్లింట్లో భోంచేసిన డొక్కా జోగన్న తర్వాత ఆమెను పెళ్లాడాడు. పొలమూ పాడీ ఉన్న ఇల్లు.

లంకల గన్నవరం గోదావరి పాయ పక్కనున్న ఊరు. ఏరు దాటేవాళ్లు, బాటసారులు వేళ గాని వేళలో ఆకలితో దిగేవాళ్లు. సీతమ్మ కులం అడగలేదు, వేళ చూడలేదు, అర్ధరాత్రి వచ్చినా పొయ్యి వెలిగించేదని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ కాలపు బ్రాహ్మణ ఇంటి గడపలో అది చిన్న సంగతి కాదు. ఒకసారి అంతర్వేది యాత్రకు బయల్దేరి, దారిలో ఒక పెళ్లివారి పిల్లలు ఆకలేస్తోందంటే, సీతమ్మ ఇంటికి పోతే బువ్వ దొరుకుతుందని పెద్దలు సముదాయిస్తుండగా విని, దేవుణ్ణి మానుకుని ఇంటికి తిరిగొచ్చిందంటారు. పెట్టీ పెట్టీ ఆస్తి తరిగిపోతే జోగన్నకు పొలంలో బంగారు నాణేల బిందె దొరికిందని ఇంకో కథ. ఒక్క ఇంటి గాదె అంతమందికి చాలదని జనానికి తెలుసు, అందుకే బిందె కథ పుట్టిందని నా ఊహ.

మరి ఆ గాదెలోకి వడ్లు ఎట్లా వచ్చాయి? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకు నీళ్లు పారాయి. ఆ బురదలో నాటు వేసింది, కోత కోసింది కూలి జనం. ఆమె మంచితనాన్ని తక్కువ చెయ్యడం లేదు, కానీ ఆ జనం పేర్లు ఏ కథలోనూ లేవు.

నీళ్లు లేని చోట ఏం జరిగిందో మన నెల్లూరోళ్లకు ఎరుకే. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోయారు, మన జిల్లా కూడా ఆ కరువు సీమలోదే. రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కరువు పనిలో ఉన్న మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి మోయమన్నారు. తీరం వెంట పోయే బకింగ్‌హామ్ కాలువ పనుల్లోనూ ఆ కరువు కూలీల చెమట ఉంది. అప్పటికి సీతమ్మకు ముప్పై అయిదేళ్లు. ఆమె పొయ్యి గన్నవరంలో మండుతూనే ఉంది, ఆ మంట మన దాకా రాలేదు.

తర్వాత అదే తెల్ల సర్కారు ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం వేడుకకు ఆమెను పిలిచిందట. ఆమె పోలేదు. ఫొటో అయినా ఇవ్వమంటే మొదట వద్దందనీ, అధికారులు బతిమాలితే ఒప్పుకుందనీ చెబుతారు. పౌను గింజలతో సరిపెట్టిన వాళ్లకు అన్నం పెట్టే మనిషి బొమ్మ కావాల్సి వచ్చింది! 1909లో ఆమె కన్నుమూసింది.

బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశిస్తే, మన రాష్ట్రంలో అది 2003లో మొదలైంది. 2013 ఆహార భద్రతా చట్టంతో అది హక్కయింది. అదే చట్టం కింద కార్డులో ఉన్న మనిషికి నెలకు 5 కిలోల గింజలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. గర్భిణికీ, ప్రసవమయ్యాక ఆరు నెలల దాకా బాలింతకూ, ఆరేళ్ల లోపు బిడ్డకూ అంగన్‌వాడీలో తిండి. గింజలు ఇవ్వకపోతే బదులు డబ్బు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. సీతమ్మ గడప దగ్గర చెయ్యి చాచాలి, ఇక్కడ అడిగి తీసుకోవాలి.

ఇక ఆ అక్క సంగతి. వంట అక్కల గౌరవ వేతనం 2019లో నెలకు 3000 చేశారు. పొద్దుటి నుంచి పొగలో నిలబడి వండేదానికి రోజుకు వంద. సీతమ్మ పేరు పెట్టినోళ్లు ఆ అక్క ఇంట్లో పొయ్యి సంగతి కూడా చూడాలని మనం గట్టిగా అడగాల.

బియ్యం కార్డు లేని ఇల్లు, కొత్త కోడలి పేరో బిడ్డ పేరో కార్డులో ఎక్కని ఇల్లు మీ పల్లెలో ఉంటే గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టించండి. ఒంటరి ముసలోళ్లను ముందు చూడండి, వాళ్లు నోరు తెరిచి చెప్పరు. నాట్లకు పోయే రోజు కాకుండా పని లేని రోజు చూసుకుని నలుగురు కలిసి పోండి. అర్జీ ఇచ్చాక రశీదు చేతికొచ్చేదాకా కదలొద్దు.