తండ్రి లేని బిడ్డ, తండ్రి లేని బిడ్డలకిచ్చిన మహలు
(మహబూబ్ అలీ పాషా జీవితం)

ఎల్.బి. నగర్ వైపు వెళ్ళే మెట్రో రైలులో ప్రయాణం చేసే మన సభ్యులు 'విక్టోరియా మెమోరియల్' అనే స్టేషన్ పేరు వినే ఉంటారు. ఆ పేరు సరూర్‌నగర్‌లోని ఒక అనాథ శరణాలయానిది. 1901లో మరణించిన విక్టోరియా రాణి జ్ఞాపకార్థం దానిని పెట్టారు. రాణి పేరు స్టేషన్ బోర్డు మీద నిలిచింది గాని, తన మహలును యతీము పిల్లలకు వదిలిపెట్టిన మనిషి పేరు చాలామందికి తెలియదు. ఆయనే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. మన పెద్దలు ప్రేమగా మహబూబ్ అలీ పాషా అనేవారు. ఈ సంచికలో ఆయన జీవితాన్ని మన కుటుంబాల ముందుంచుతున్నాము.

మహబూబ్ అలీ 1866 ఆగస్టు 17న జన్మించారు. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా కన్ను మూసేసరికి ఆ బాబుకు నిండా మూడేళ్ళు లేవు. అంత పసివాడిని మస్నదు మీద కూర్చోబెట్టారు. రాజ్యభారం, బిడ్డ పెంపకం రెండూ సంరక్షకుల చేతిలో పడ్డాయి. దివాను మొదటి సాలార్‌జంగ్, పాయిగా వంశపు అమీరు శమ్సుల్ ఉమ్రా ఆ బాధ్యత తీసుకున్నారు. ధనానికి లోటు లేదు, నౌకర్లకు లోటు లేదు. అయినా తండ్రి లేని బిడ్డ తండ్రి లేని బిడ్డే కదా!

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ సాలార్‌జంగ్ కూడా చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, పినతండ్రి సిరాజుల్ ముల్క్ నీడలో పెరిగినవారే. 1853లో ఇరవై నాలుగేళ్ళకే దివాను అయి, దివాలా తీసిన రాజ్యాన్ని నిలబెట్టారు. పసి నిజాముకు ఫార్సీ, అరబీ, ఉర్దూ ఉస్తాదులను పెట్టించారు. ఇంగ్లీషు చదువుకు కెప్టెన్ జాన్ క్లార్క్ అనే దొరను రప్పించారు. 1877 జనవరిలో ఢిల్లీలో జరిగిన పెద్ద దర్బారుకు పదేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని పోయారు. ఒకరి నీడలో పెరిగినవాడు మరొకరికి నీడ అయ్యాడన్నమాట.

కాని ఆ నీడ కావలసిన వేళకే తొలగిపోయింది. 1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగ్ హఠాత్తుగా మరణించారు. దాదాపు ఏడాదికి, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదుకు వచ్చి మహబూబ్ అలీకి పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి ఆయనకు పద్ధెనిమిదేళ్ళు కూడా నిండలేదు. చేయి పట్టి నడిపించిన మనిషి లేడు, చేతిలో మాత్రం ఇంత పెద్ద రాజ్యం!

తర్వాత సంవత్సరాలు సాఫీగా సాగలేదు. సాలార్‌జంగ్ కుమారుడు, ఇంచుమించు తన ఈడువాడే అయిన లాయఖ్ అలీని దివానుగా పెట్టుకున్నారు. ఇద్దరికీ పొసగక 1887లో ఆయన తప్పుకోవలసి వచ్చింది. పాషాకు వేట మీద, బట్టల మీద ఉన్న మోజు ఊరందరికీ తెలుసు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం చేయించిన పొడవాటి బీరువాల వరుసను నేటికీ చూడవచ్చు. ఇవి దాచిపెట్టి జీవితం రాస్తే అది పొగడ్త అవుతుంది గాని చరిత్ర కాదు.

అయినా ప్రజలు ఆయనను ప్రేమించారు. హిందువులు, ముసల్మానులు అన్న తేడా లేకుండా తమవాడనుకున్నారు. ఆయన పేరు తలచుకుంటే పాము విషం దిగుతుందని నమ్మినవారు ఎందరో. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు నిలువ నీడలేని వారికి మహళ్ళ తలుపులు తెరిపించారు. సరూర్‌నగర్ మహలును అనాథ పిల్లలకు ఇచ్చింది కూడా ఈ మనసే. ఎందుకిచ్చారో చెప్పే కథలు రకరకాలుగా ఉన్నాయి. తండ్రి లేని బిడ్డ చేతుల మీదుగా ఆ పని జరిగిందన్న ఒక్క మాట మాకు చాలు.

1911 ఆగస్టు 29న, నలభై అయిదేళ్ళకే, ఫలక్‌నుమాలో పాషా కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో సమాధి చేశారు.

ఈ జీవితం మన సంఘానికి ఏమి చెబుతుంది? యతీము బిడ్డకు కూడు, గుడ్డ, కప్పు ఇస్తే పని తీరిపోదని చెబుతుంది. మన షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది. బాటసారి రాత్రి తలదాచుకుని పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. యతీమ్‌ఖానా అలాంటి సరాయి కాకూడదు. శరణాలయంలో పెరిగిన పిల్లవాడు పద్ధెనిమిదేళ్ళు నిండగానే మూట సర్దుకుని బయటికి వస్తే, వాడికి అద్దె ఇల్లు ఎవరిస్తారు? పనికి హామీ ఎవరుంటారు? దారి తప్పితే మందలించేదెవరు? రాజ్యమున్న కుర్రవాడే తడబడితే, ఏమీ లేనివాడి గతి ఏమిటి?

2015 నాటి బాలల న్యాయ చట్టం ఈ అవసరాన్ని గుర్తించింది. శరణాలయం విడిచిన యువకులకు ఇరవై ఒక్క ఏడు వరకు, అవసరమైతే మరి రెండేళ్ళు, తోడ్పాటు ఇవ్వవచ్చు. బిడ్డను ఇంకొక కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆపదలో ఉన్న బిడ్డ కనబడితే 1098కి ఫోను చేయవచ్చు. అయితే చట్టం డబ్బు ఇవ్వగలదు, పండుగనాడు ఇంటికి పిలవలేదు. ఆ పని మనుషులే చేయాలి.

మనలో కార్ఖానా ఉన్నవారు ఒక కుర్రవాడికి పని నేర్పవచ్చు. చదువుకున్నవారు ఫారాలు నింపిపెట్టవచ్చు. ఏమీ లేనివారు నెలకొకసారి వెళ్ళి పేరుపెట్టి పలకరించవచ్చు. మహలు ఇవ్వడానికి మనం నిజాములం కాము. కాని ఒక్క బిడ్డకు సాలార్‌జంగ్ కావడానికి, ఆ బిడ్డ తన కాళ్ళమీద నిలబడేదాకా చేయి వదలకుండా ఉండడానికి మహలు అక్కరలేదు. మన కుటుంబాలన్నీ ఈ సంగతి ఆలోచించాలని మా మనవి.