మోటుపల్లి అభయము

మన కర్నూలు, కడప సీమల బాలబాలికలలో సముద్రమును కన్నులార చూచినవారు కొలదిమందియే. అయినను తొలకరి వానలు కురియగనే జొన్నగిరి, తుగ్గలి పొలములలో జనులు వజ్రములకై వెదకుట మీరెరుగుదురు. ఏడువందల యేండ్ల క్రిందట తెలుగునేల వజ్రముల కీర్తి ఒక రేవు పేరుతో దేశాంతరములకు ప్రాకెను. ఆ రేవు చీరాల సమీపమునందలి మోటుపల్లి. దానికి ప్రాణము పోసిన ప్రభువు కాకతీయ గణపతిదేవుడు.

ఆయన తొలినాళ్లు కష్టములపాలయ్యెను. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మరణించెను; కుమారుడు శత్రువులకు బందీగా చిక్కెను. రాజు లేని రాజ్యమును రేచర్ల రుద్రసేనాని కాపాడెను. 1199 ప్రాంతమున యాదవప్రభువు విడిచిపుచ్చగా గణపతిదేవుడు ఓరుగల్లు చేరి సింహాసనమెక్కెను. అనతికాలముననే దివిసీమను జయించెను. ఓడినవారిని అవమానింపక, ఆ యింటి ఆడుపడుచులగు నారమ, పేరమలను పెండ్లాడి, వారి సోదరుడగు జాయపను చేరదీసెను. నృత్తరత్నావళిని రచించినది ఆ జాయపయే. పిదప కాయస్థ గంగయసాహిణి పానుగల్లు మొదలు మన కడప ప్రాంతము వరకు ఆయన పక్షమున పాలించెను.

ఆ కాలమున గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు అన్నియు ఆ తీరపు రాజు సొత్తగుచుండెను. ప్రాణములతో బయటపడిన వర్తకునకు కట్టుబట్టలే మిగులుచుండెను. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో శిలాశాసనము వేయించి ఈ దురాచారమును మాన్పెను. నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొనరాదని శాసించెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, పన్నీరు, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు మొదలగు సరకులు అందు పేర్కొనబడినవి. నమ్మకముగల రేవునకే ఓడలు వచ్చును గనుక ఇందు బొక్కసమునకును లాభము కలదు. అయినను, ఒకప్పుడు పరుల దయపై బ్రతికిన రాజునకు ఒడ్డున పడిన వర్తకుని దైన్యము తెలియకుండునా?

ఓడలు మోయునది సరకులను మాత్రమే కాదు. పూర్వము మధ్యధరా సముద్రమున తిరిగిన ఫినీషియను వర్తకుల నుండియే గ్రీకులు అక్షరములు నేర్చిరి. మోటుపల్లి ఓడలు తెలుగువారి పేరును మోసెను. ఆ శతాబ్ది తుదిలో వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ రాజ్యమును రేవు పేరనే ముత్ఫిలి యని పిలిచి, వానల పిదప కొండవాగులలో దొరకు వజ్రములను, సాలెగూడు వంటి సన్నని వస్త్రములను వర్ణించెను.

వార్ధకమున గణపతిదేవుడు పాండ్యుల చేతిలో ఓడి, రాజ్యభారమును కుమార్తె రుద్రమదేవికి అప్పగించెను. 1323లో కాకతీయ రాజ్యము అంతరించెను. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చుచు శాసనము వేయించెను.